మెర్విన్ ఫీల్డ్ కుడివైపు గ్యాలరీ

లోరింగ్ ఫెర్రీ కాలేజీ బేస్‌బాల్ స్టేడియాన్ని బాగుచేసే పని తమ కంపెనీకే దక్కిందని తెలిసిన రోజు రేనెల్ డుప్రీ ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా తండ్రి సెలూన్‌కు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం కావడంతో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. క్లోవిస్ డుప్రీ ఒక లావుపాటి మనిషి మెడ మీద కత్తి ఆడిస్తున్నాడు. డెబ్బై దాటినా ఆ చెయ్యి ఇంకా వణకదు. అద్దం పక్కన గోడకు ఆయన డిగ్రీ పట్టా వేలాడుతూ ఉంటుంది. "లెక్కల్లో డిగ్రీ చదివి క్షవరాలు చేసేవాణ్ణి మిసిసిపీ మొత్తానికి నేనొక్కణ్ణే. అందుకే మీ చెంపల దగ్గర గీత అంత తిన్నగా వస్తుంది," అని కొత్తవాళ్ళను నవ్విస్తుంటాడు.

"నాన్నా, మెర్విన్ ఫీల్డ్ పని మాకొచ్చింది! సైట్ మొత్తం నా చేతికే ఇచ్చారు."

సెలూన్లో ఉన్నవాళ్ళంతా హో అని చప్పట్లు కొట్టారు. ఒకాయన ముఖం నిండా నురగతోనే లేచి నిలబడి ఆమెకు సెల్యూట్ చేశాడు. క్లోవిస్ మాత్రం కత్తి తుడుచుకుంటూ, "మంచిదమ్మా. వర్షాలు పట్టుకోకముందే కప్పు సంగతి చూసుకో. అక్కడ నీళ్ళు నిలుస్తాయి," అని మళ్ళీ ఆ లావుపాటి మెడ మీదికి వంగాడు.

రేనెల్ అంతకన్నా ఎక్కువ ఆశించలేదు కూడా. ఆ కాలేజీ జట్టులో ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు ఆమె తండ్రి. యూనిఫారంలో ఆయన ఫొటో కాలేజీ వరండాలో ఇప్పటికీ ఉంది. కానీ పట్టా పుచ్చుకున్న రోజు నుంచి ఆయన ఆ మైదానంలో అడుగు పెట్టలేదు. చిన్నప్పుడు స్నేహితురాళ్ళతో మ్యాచ్‌కు వెళ్తానంటే గేటు దాకా కారులో దింపి, ఆట అయ్యేదాకా బయటే పేపరు చదువుకుంటూ కూర్చునేవాడు. ఎందుకని అడిగితే, "నాకు ఎండ పడదు," అనేవాడు. అదే మనిషి ఆగస్టు ఎండలో చేపలు పట్టడానికి పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ తిరిగొచ్చేవాడు కాదు. తల్లి బతికున్న రోజుల్లో, "ఆ సంగతి ఆయన దగ్గర కదపకు," అని మాత్రం చెప్పింది. అక్కడ ఆయనకు ఏదో పెద్ద అవమానం జరిగి ఉంటుందని ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. రేనెల్ కూడా అలాగే అనుకుంది.

ఆ స్టేడియం ఊరికి ముఖం లాంటిది. దేశమంతా పనుల్లేక అల్లాడిన రోజుల్లో రంపపు మిల్లు యజమాని మెర్విన్ స్థలం ఇస్తే, మిల్లు మూతపడి రోడ్డున పడ్డ కూలీలు దాన్ని కట్టారు. ముందు ఎర్ర ఇటుకల తోరణాలు, లోపల పైన్ చెక్క గ్యాలరీ. నది పొంగిన ఏడాది సగం ఊరు ఆ గ్యాలరీలోనే కాపురం పెట్టింది. ఆ వరదల్లో అక్కడ పుట్టిన పిల్లకు మెర్వీనా అని పేరు పెట్టుకున్నారు. యుద్ధానికి వెళ్ళే కుర్రాళ్ళను బ్యాండు మేళంతో సాగనంపింది అక్కడినుంచే. రైలు ఆగడం మానేసినా, మిల్లు మళ్ళీ తెరవకపోయినా, ఫిబ్రవరి వచ్చిందంటే బంతి మీద బ్యాటు పడే చప్పుడు మాత్రం ఊరికి వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు ఆ చెక్క పుచ్చిపోయింది. పైపులు కారుతున్నాయి. ఒక మ్యాచ్ మధ్యలో కప్పులోని పలక ఊడి, అప్పుడే ఒకావిడ లేచి వెళ్ళిన సీటులో పడింది. దాంతో కాలేజీ మేలుకుంది.

సీజన్ ముగిసి పిల్లలు సెలవులకు వెళ్ళగానే పని మొదలైంది. పెద్ద గ్యాలరీ విప్పడం అనుకున్నట్టే సాగింది. మైదానం కుడివైపు మూల, గడ్డి కోసే యంత్రాలు పెట్టుకునే షెడ్డు ఒకటుంది. దాన్ని పడగొట్టి, అక్కడ విరాళాలిచ్చే పెద్దవాళ్ళ కోసం అద్దాల గది కట్టాలి. చల్లగా ఏసీ, మెత్తటి సోఫాలు, చేతికి అందేంత దూరంలో తిండి. ఆ నక్షాను రేనెల్ ఎన్నోసార్లు చూసింది. ఆ మూల గురించి ప్రత్యేకంగా ఏనాడూ ఆలోచించలేదు.

షెడ్డులో ఎరువు బస్తాలు, విరిగిన స్కోరు బోర్డులు, తుప్పు పట్టిన యంత్రాలు బయటికి లాగించి, చివర అడ్డంగా కొట్టి ఉన్న ప్లైవుడ్ గోడను పీకించింది. పొక్లెయిన్ నడిపే లూథర్ తొంగి చూసి, "బాస్, ఇదేంటి, మెట్లున్నాయి?" అన్నాడు.

అవి మెట్లు కావు, బల్లలు. ఒకదాని వెనక ఒకటి ఎత్తుగా, గోడ దాకా వరసలు. మీద చాలా కిందికి వంగిన రేకుల కప్పు. దుమ్ము తుడిచి చెయ్యి వేస్తే పలక నున్నగా తగిలింది. రంపంతోనో బ్రష్‌తోనో వచ్చిన నునుపు కాదది, ఏళ్ళ తరబడి మనుషులు కూర్చుంటే వచ్చినది. వెనక గోడలో ఒక గుమ్మం ఆకారం, దాన్ని వేరే రంగు ఇటుకలతో పూడ్చేశారు. ఆ గుమ్మం వెనక సందులోకి తెరుచుకునేది. స్టేడియానికి అంత గొప్ప ముఖద్వారం ఉండగా సందులోంచి వేరే గుమ్మం ఎవరికోసం పెట్టారో, నల్లవాళ్ళను తెల్లవాళ్ళకు దూరంగా వేరే కూర్చోబెట్టిన మిసిసిపీలో పుట్టినవాళ్ళకు ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

"లూథర్, యంత్రం ఆపెయ్. దీన్ని ఇవాళ ముట్టుకోవద్దు," అంది రేనెల్.

మర్నాడు సెలూన్లో ఈ సంగతి చెప్పింది. క్లోవిస్ చేతిలో పని ఆపలేదు. మూల కుర్చీలో కూర్చున్న మిస్ ఆర్లీన్ మాత్రం చేతికర్ర నేలకేసి టకటకలాడించింది. ఆవిడకు తొంభై దాటాయి. జియోన్ చర్చిలో తరాల తరబడి పాటలు నేర్పిన మనిషి. శనివారం సెలూన్‌కు వచ్చి కూర్చోకపోతే ఆవిడకు వారం గడిచినట్టుండదు.

"అయితే బల్లలింకా ఉన్నాయా? ఒరే క్లోవిస్, విన్నావా? బల్లలు ఉన్నాయంట!"

"విన్నానండీ మిస్ ఆర్లీన్."

"మీ అమ్మ కూర్చునే చోటు నాకిప్పటికీ గుర్తే. మూడో వరస, మైదానం వైపు చివర. ఐడెల్లా వచ్చేదాకా ఆ చోట్లో ఒక్కళ్ళు కూర్చుంటే ఒట్టు!"

రేనెల్ ఆశ్చర్యపోయింది. ఐడెల్లా అంటే తన నాయనమ్మ. తనకు గుర్తున్న నాయనమ్మ ఎప్పుడూ మెల్లగా మాట్లాడే, కళ్ళజోడు జారిపోతుండే మనిషి. "నాయనమ్మ ఆట చూసేదా?"

"చూడ్డమా? ఆడించేది! ఆ రేకుల కింద మేం రెండొందలమంది ఉంటే, నోరంతా ఆవిడదే. ఒక్క బూతు మాట రాదు, అందర్నీ నాయనా అనే పిలిచేది. అవతలి జట్టులో బంతి విసిరే పిచర్ ఆలస్యం చేశాడనుకో, 'నాయనా, ఆ బంతిని అంతసేపు పొదుగుతున్నావు, పిల్లను లేపుతావా ఏంటి?' అనేది. ఇంకోడు మెల్లగా విసిరితే, 'నాయనా, పావురాలకి గింజలేస్తున్నావా?' అనేది. అంపైర్‌నీ వదిలేది కాదు. 'అయ్యా, మా పాస్టరు గారి పిల్లికి ఒక కన్నే ఉంది, అయినా మీకంటే బాగా కనిపిస్తుంది!' అని ఒకసారి అరిస్తే, పెద్ద గ్యాలరీలో తెల్లవాళ్ళు కూడా పొట్టలు పట్టుకుని నవ్వారు. ఈ క్లోవిస్ బ్యాటు పట్టుకుని వచ్చాడంటే మేమంతా బల్లల మీద కాళ్ళతో దరువేసేవాళ్ళం. ఆ రేకుల కింద ఉరుము ఉరిమినట్టుండేది."

సెలూన్ అంతా నవ్వుతోంది. క్లోవిస్ దువ్వెన బల్ల మీద పెట్టి, "కాస్త గాలి పీల్చుకుని వస్తా," అని బయటికి వెళ్ళాడు. సగం కత్తిరించిన తలతో కూర్చున్న మనిషి, "నన్నిలా వదిలేసి ఎక్కడికండీ?" అన్నా వెనక్కి తిరగలేదు.

సోమవారం రేనెల్ కాలేజీ క్రీడా విభాగం డైరెక్టర్ డాక్టర్ ప్రెంటిస్ గాల్ట్‌ను కలిసింది. ఆయన వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మంచివాడే. అందరికీ ముందుగా తనే నమస్కారం పెట్టే రకం. ఫొటోలు చూడగానే ఆయన ముఖం ఎర్రబడింది.

"రేనెల్ గారూ, నిజంగా సిగ్గుచేటు. వీలైనంత త్వరగా తీసేయండి. కొత్త స్టేడియంలో ఆ పాత గాయం ఎందుకు?"

"తీసేస్తే గాయం ఉన్నట్టే ఎవరికీ తెలియదు డాక్టర్ గారూ. నా ఉద్దేశం వేరు. రెండు వరసలు అలాగే ఉంచి, చుట్టూ అద్దం కట్టి, ఒక శిలాఫలకం పెడదాం. వచ్చినవాళ్ళు చూసి తెలుసుకుంటారు."

"అద్దాల గదిలోకి వచ్చే అతిథులు మొదట చూసేది అదే అవుతుంది కదా," అని ఆయన ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు. చివరికి, "మీ నాన్నగారిని ఒకసారి తీసుకొచ్చి చూపించండి. ఆయన ఎలా చెబితే అలా చేద్దాం," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ మాట చెప్పగానే క్లోవిస్ పళ్ళెం పక్కకు జరిపాడు. "నేను రాను."

"నీకోసమే కదా నాన్నా ఇదంతా!"

"నేను అడిగానా? నీ పని నువ్వు చేసుకో. పడగొట్టమన్నది పడగొట్టు, కట్టమన్నది కట్టు."

"అక్కడ నీకేం చేశారో చెప్పవు. నాయనమ్మ అంత మనిషని ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతి నేను సెలూన్లో వినాలా?" అంటూ రేనెల్ గొంతు పెంచింది. తండ్రి మీద గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు. ఆయన తలెత్తి ఆమెను ఒక్క క్షణం వింతగా చూశాడు. మళ్ళీ పళ్ళెం దగ్గరికి లాక్కుని తినసాగాడు. ఆమె సగం తిండి వదిలేసి తన ఇంటికి వెళ్ళిపోయింది.

పని ఆ మూల తప్ప అన్ని చోట్లా సాగింది. ఆలస్యం ఎందుకవుతోందని కంపెనీ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రేనెల్ ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తోంది. ఒకరోజు పొద్దున్నే, కూలీలు ఇంకా కాఫీలు తాగుతుండగా, లూథర్ పరిగెత్తుకొచ్చాడు. "బాస్, ఎవరో పెద్దాయన లోపలికి వచ్చేశాడు. టోపీ పెట్టుకోమంటే వినడం లేదు. నా జుట్టు బాగా పెరిగింది, సాయంత్రం కొట్టుకి రా అంటున్నాడు."

క్లోవిస్ ఇస్త్రీ చొక్కా, ఆదివారం బూట్లతో ఆ బల్లల దగ్గర నిలబడి ఉన్నాడు. కూతురు రక్షణ టోపీ తెచ్చి నెత్తిన పెడితే వద్దనలేదు. మూడో వరసలో మైదానం వైపు చివరికి వెళ్ళి, జేబురుమాలు పరుచుకుని కూర్చున్నాడు. రేనెల్ పక్కన కూర్చుంది. ఎదురుగా గడ్డి పీకేసిన మైదానం ఎర్రగా ఉంది.

ఆయన మైదానం వైపే చూస్తూ అన్నాడు. "నన్నెవరూ ఏమీ అనలేదమ్మా. అంటే, అన్నారులే. అప్పట్లో అనని రోజెక్కడిది? దానికి నేను భయపడలేదు. నేను బ్యాటు పట్టుకుని నడుస్తుంటే ఇక్కణ్ణుంచి దరువు మొదలయ్యేది. వీపు మీద చెయ్యేసి తోసినట్టుండేది. రెండో ఏడాది కాలేజీ వాళ్ళు ఈ బల్లలకీ పెద్ద గ్యాలరీకీ మధ్య ఉన్న ఇనప కంచె తీసేశారు. ఇకమీదట ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చన్నారు. పండగ చేసుకున్నాం. తియ్యాల్సిందే దాన్ని! ఎప్పుడో తియ్యాల్సింది. దాంతోపాటే దీనికి తాళం వేశారు. ఇక అవసరం ఏముంది అనుకున్నారు."

"నాయనమ్మ?"

"పెద్ద గ్యాలరీకి వచ్చింది. కొత్త గౌను వేసుకుని. చుట్టూ ఎవరూ తెలిసినవాళ్ళు లేరు. మనవాళ్ళంతా తలో మూలకీ చెదిరిపోయారు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద పెట్టుకుని కూర్చుంది. ఆట మొత్తం అలాగే. నేను మైదానంలోంచి చూస్తూనే ఉన్నా. అమ్మా, ఒక్క మాట అను, ఒక్క మాట అను అని లోపల్లోపల బతిమాలుకున్నా. ఇంటికెళ్ళాక ఎలా ఉందమ్మా అంటే, 'బాగుంది నాయనా, నీడగా ఉంది,' అంది. మళ్ళీ రాలేదు. ఇంకో రెండేళ్ళు ఆడాను. బాగానే ఆడాను, ఆ వరండాలో ఫొటో అందుకే పెట్టారు. చప్పట్లు కొట్టేవాళ్ళు. చప్పట్లదేముంది, ఎవరికైనా కొడతారు." ఆయన ముక్కు చీదుకున్నాడు. "కంచె పడగొట్టారు, సంతోషం. దానితోపాటు ఆ గొంతునీ పడగొట్టారు. ఈ మాట ఎవరితో అనను? అంటే కంచె ఉంటేనే బాగుందంటాడు ముసలాడు అనుకోరూ?"

రేనెల్ ఆయన చేతిమీద చెయ్యి వేసింది. "అందుకే నాన్నా, దీన్ని అలాగే ఉంచుదాం. అద్దం కట్టించి..."

"వద్దు!" క్లోవిస్ గట్టిగానే అన్నాడు. "చచ్చినవాటికి కడతారు అద్దం. మీ నాయనమ్మ కూర్చున్న బల్లని ఎవరూ కూర్చోకుండా చేస్తావా? నువ్వు నిజంగా ఏదైనా చెయ్యాలనుకుంటే, కంచె లేకుండా, ఆ గుమ్మం తెరిచి, ఇక్కడ మళ్ళీ గ్యాలరీ కట్టు. ఎవరైనా వచ్చి కూర్చుంటారు. కుర్చీలు మాత్రం వెయ్యొద్దు."

"కుర్చీలైతే ఏం?"

"కుర్చీలో మనిషి ఒక్కడే కూర్చుంటాడు. బల్ల అయితే సర్దుకోవాలి, మోచేతులు తగలాలి. పక్కవాడి మోచెయ్యి తగిలితే గానీ మనిషికి నోరు లేవదు."

అప్పుడే డాక్టర్ గాల్ట్ రోజూ లాగే పని చూడ్డానికి వచ్చాడు. క్లోవిస్‌ను గుర్తుపట్టి కంగారుగా ముందుకొచ్చి రెండు చేతులతో చెయ్యి పట్టుకున్నాడు. "డుప్రీ గారూ, కాలేజీ తరఫున నేను ఏం చెప్పాలో..."

"ఏం చెప్పొద్దు డాక్టర్. ఇలా వచ్చి కూర్చోండి. అమ్మాయ్, నువ్వెళ్ళి ఆ పిచర్ నిలబడే దిబ్బ మీద నిలబడు. డాక్టర్, ఇప్పుడు మా అమ్మాయిని తిట్టండి."

"ఏంటీ?"

"అవతలి జట్టు పిచర్ అనుకోండి. తిట్టండి. బూతులు వద్దు, ఆడపిల్ల."

డాక్టర్ గాల్ట్ అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "అమ్మా... మీరు... ఇంకా కొంచెం బాగా ప్రయత్నించి ఉండాల్సింది!"

కూలీలు కాఫీ కప్పులు పట్టుకుని గుమిగూడారు. లూథర్ నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగాడు. "ఇలా తిడితే ఆవిడ వచ్చి మీకు దండం పెట్టి వెళ్తుంది," అన్నాడు క్లోవిస్. "ఒళ్ళు వంచి, పొట్టలోంచి రావాలి."

డాక్టర్ గాల్ట్ కోటు విప్పి పక్కన పెట్టాడు. ఈసారి లేచి నిలబడి, "ఏమమ్మా, మా స్టేడియం ఈ ఏడాదిలో పూర్తవుతుందా, మా మనవలు వచ్చి చూసుకోవాలా?" అని అరిచాడు. ఆ కిందికి వంగిన రేకుల కప్పు ఆ మాటను పట్టుకుని బంతిలా మైదానం మధ్యకు విసిరింది. అంత దూరం, పైగా మైకు లేదు. అయినా రేనెల్‌కు చెవి పక్కన అన్నట్టే వినిపించింది. కూలీలు ఈలలు వేశారు. డాక్టర్ గాల్ట్ తన గొంతు తనకే కొత్తగా అనిపించినట్టు కప్పు వైపు చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత మెల్లగా కూర్చుని, "ఇక్కడ కూర్చున్నవాళ్ళు ఎంత సరదా పడి ఉంటారో నాకు తట్టనే లేదు," అన్నాడు. "నాకు తట్టిందల్లా వాళ్ళకు జరిగిన అన్యాయమే."

"రెండూ నిజమే డాక్టర్," అన్నాడు క్లోవిస్. "ఒకటి గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోకండి, అంతే."

కాలేజీ పెద్దల సమావేశంలో ఆ మాట నెగ్గించుకోవడం తేలిక కాలేదు. ఒక పాత కుటుంబం వాళ్ళు అద్దాల గది ఎడమవైపుకు జరిగితే సాయంత్రం ఎండ కళ్ళలో పడుతుందని అలిగారు. "పాతవన్నీ తవ్వి ఊళ్ళో గొడవలు రేపడమెందుకు?" అన్నారు ఇంకొకరు. డాక్టర్ గాల్ట్ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. వాళ్ళందరినీ వెంటబెట్టుకుని సైట్‌కు వచ్చి, ఆ బల్లల మీద ఇరుకిరుకుగా కూర్చోబెట్టి అరవమన్నాడు. మొదట అందరూ బిగుసుకుపోయారు. చివరికి అలిగిన కుటుంబంలోని ఒక పెద్దావిడే తన భర్త పేరు పెట్టి, "గుర్రుపెట్టడం మానెయ్!" అని ఒక్క కేక పెట్టింది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు. ఆ సాయంత్రమే నక్షా మార్చడానికి ఒప్పుకున్నారు.

రేనెల్ ఆ పూడ్చిన గుమ్మాన్ని తనే దగ్గరుండి తెరిపించింది. బాగున్న పలకలన్నీ శుభ్రం చేయించి వాడింది, పుచ్చినవాటి చోట కొత్త పైన్ వేయించింది. చక్రాల కుర్చీ ఎక్కడానికి వాలు దారి కట్టింది. రేకుల కప్పు మార్చాల్సి వస్తే అంతే వంపుతో, అంతే కిందికి దించి వేయించింది. గోడ మీద ఒక చిన్న రాతిపలక పెట్టింది. ఇక్కడ ఎవరు కూర్చునేవాళ్ళో, ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో, ఎంత గట్టిగా అరిచేవాళ్ళో, అన్నీ ఉన్నదున్నట్టు రాయించింది. చివరి వాక్యం క్లోవిస్ చెప్పినదే: 'దయచేసి నిశ్శబ్దం పాటించకండి.'

ఫిబ్రవరి చలిలో మొదటి మ్యాచ్ జరిగింది. కొత్త ఇటుకలు కడిగినట్టున్నాయి. పెద్ద గ్యాలరీ నిండింది. కుడివైపు గ్యాలరీలో కూడా జనం బాగానే ఉన్నారు. కాలేజీ పిల్లలు, జియోన్ చర్చి వాళ్ళు, లూథర్ కుటుంబం. మిస్ ఆర్లీన్ చక్రాల కుర్చీలో రెండు దుప్పట్లు కప్పుకుని ముందు వరస పక్కన కూర్చుంది. క్లోవిస్ వచ్చాడు, రేనెల్ వచ్చింది. కానీ గ్యాలరీ మూగగా ఉంది. పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. చర్చివాళ్ళు అది చర్చి అయినట్టే పద్ధతిగా కూర్చున్నారు. లోరింగ్ జట్టు అప్పటికే వెనకబడింది. ఎవరైనా బంతి కొడితే మర్యాదగా చప్పట్లు కొట్టి ఊరుకుంటున్నారు.

రేనెల్ తండ్రి వైపు చూసింది. ఆయన రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. "రావట్లేదమ్మా," అన్నాడు, నవ్వబోతూ. "ఇన్నేళ్ళు అయ్యాక ఎక్కణ్ణుంచొస్తుంది?"

రేనెల్ చుట్టూ చూసింది. కట్టడం తన చేతిలో పని, కట్టింది. మనుషుల చేత అరిపించడం ఎవరి చేతిలో పని?

సరిగ్గా అప్పుడే లోరింగ్ కుర్రాడొకడు బంతిని గాలిలోకి లేపాడు. అది కుడివైపుకు, వాళ్ళ గ్యాలరీ ముందుకే వచ్చింది. అవతలి జట్టు ఫీల్డర్, చొక్కా మీద నలభై ఏడు అని ఉన్న బక్కపలచని కుర్రాడు, దాని కింద నిలబడి చేతి తొడుగు చాచాడు. బంతి తొడుగు అంచుకు తగిలి జారి గడ్డిలో పడింది. రేనెల్ తను లేచిందని కూడా గమనించలేదు. పొక్లెయిన్ల రొదను మించి కూలీలకు వినిపించేలా ఏళ్ళ తరబడి వాడిన గొంతు అది.

"ఏమయ్యా నలభై ఏడూ! ఆ తొడుగు అద్దెకి తెచ్చావా? మాసిపోకుండా తిరిగివ్వాలా?"

మాట రేకుల కింద మోగి మైదానం అంతా పాకింది. నలభై ఏడు ఉలిక్కిపడి తిరిగి చూశాడు. మొదట మిస్ ఆర్లీన్ కీచుమని నవ్వింది. వెనక వరసలోంచి ఒక కాలేజీ పిల్ల ఫోను జేబులో పెట్టుకుని లేచి, "రసీదు జాగ్రత్త బాబూ!" అని అరిచింది. "చినిగితే మీ నాన్న కట్టాలి!" అన్నాడు లూథర్. ఎవరో బల్ల మీద కాలితో దభీమని కొట్టారు. పక్కవాళ్ళు అందుకున్నారు. పలకలు అదరసాగాయి. క్లోవిస్ కూతుర్ని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తర్వాత ఆయన బూట్లు కూడా కదిలాయి.

ఆ రోజు లోరింగ్ గెలవలేదు. ఒక్క పరుగు తేడాతో ఓడింది. ఆట ముగిసేసరికి కుడివైపు గ్యాలరీలో ఒక్కరి గొంతూ సరిగ్గా లేదు. జనం లేస్తుండగా నలభై ఏడు చేతి తొడుగు చంకలో పెట్టుకుని గ్యాలరీ ముందుకు వచ్చాడు. చెమటతో ముఖం మెరుస్తోంది. "అద్దె తొడుగు అన్నదెవరండీ?" అని అడిగాడు. అందరూ ఒకేసారి రేనెల్ వైపు వేళ్ళు చూపించారు. ఆమెకు సిగ్గేసింది.

"మా నాన్నే కొన్నాడండీ దీన్ని, పుట్టినరోజుకి," అన్నాడు ఆ కుర్రాడు నవ్వుతూ. "ఆయన టీవీలో చూస్తూ ఉంటాడు. ఇప్పటికే ఫోన్ చేసి ఉంటాడు, ఇంటికెళ్ళాక నా పని అయిపోయినట్టే. మా ఊళ్ళో ఎవరూ ఇలా తిట్టరండీ. రేపు రెండో మ్యాచ్‌కి కూడా వస్తారా?"

రేనెల్ ఏదో అనబోయింది. గొంతు బొంగురుపోయి మాట రాలేదు. తండ్రి ఆమె భుజం మీద చెయ్యి వేసి లేచాడు.

"వస్తాం నాయనా," అన్నాడు. "నువ్వు రాత్రికి బాగా తిని పడుకో. రేపు నీతో చాలా పనుంది."